కార్ ట్యూనింగ్‌లో నా మొదటి ఏడాది, మూడో సిలిండర్ ముచ్చట



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు. "అన్నా, వీడియోలల్ల చూస్తున్నం, ల్యాప్‌టాప్ పెట్టి కారు పవర్ పెంచుతున్నరు కదా, అది నేర్చుకుంటే జాబ్ వస్తదా? ఐటీఐ సరిపోతదా?" అని. రెండు లైన్లల్ల జవాబు రాద్దామని మొదలుపెట్టిన. రాస్తుంటే ఎవరికీ చెప్పని ఒక ముచ్చట కూడా బయటికొచ్చింది. అందుకే పోస్టు పెద్దగైంది, ఓపిక ఉన్నోళ్ళు చదవండి. నేను పెద్ద ఎక్స్‌పర్ట్‌ను కాదు. ఈ పనిలో ల్యాప్‌టాప్ ముట్టుకుని ఏడాదిన్నర అయింది, అంతే.

నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చేసిన. తర్వాత హైదరాబాద్‌లో ఒక గ్యారేజీలో చేరిన. జర్మన్ కార్లు, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్, ఆడి, ఇవే ఎక్కువ వస్తయి అక్కడికి. మొదటి మూడేళ్ళు ఆయిల్ మార్చుడు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్, క్లచ్ పనులు. మా ఉస్తాద్ ట్యూనింగ్ చేస్తడు గానీ ఎవరినీ ల్యాప్‌టాప్ దగ్గరికి రానియ్యడు. ఒకరోజు రాత్రి షట్టర్ వేసే టైముకు పిలిచి, "ఇగో, ఈ ఫైల్ తీస్కో. పాత ఒకటి పాయింట్ ఎనిమిది టర్బోది. దీంట్ల ఇగ్నిషన్ ఎక్కడుందో వెతుకు. దొరికినంక మాట్లాడుదాం" అన్నడు. అట్ల మొదలైంది.

కారులో ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ ఉంటుంది, దాన్ని ఈసీయూ అంటరు. పెట్రోలు ఎంత కొట్టాలె, స్పార్క్ ఎప్పుడియ్యాలె, టర్బో ఎంత గాలి నొక్కాలె, ఇవన్నీ దాని లోపల పట్టికలుగా రాసిపెట్టి ఉంటయి. ఆ పట్టికలనే మ్యాపులు అంటరు. రీమ్యాప్ అంటే ఆ పట్టికల్లో అంకెలు మార్చి మళ్ళీ ఈసీయూలోకి ఎక్కించుడు. వినడానికి ఎక్సెల్ షీటు లెక్కనే ఉంటది. కానీ ఫైల్ తెరిస్తే ఏ పట్టిక ఎక్కడ మొదలైతదో, ఎక్కడ అయిపోతదో ఏమీ రాసుండదు. అంకెల సముద్రం. విన్‌ఓఎల్‌ఎస్ అని జర్మనీ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్ల ఆ అంకెలను గీతలుగా, త్రీడీ బొమ్మలుగా చూడొచ్చు. అంకెలు గజిబిజిగా పోతా పోతా ఉండి ఒక్కసారి నున్నగా గుట్ట లెక్క లేస్తయి. అది మ్యాప్. నాకు ఇగ్నిషన్ మ్యాప్ దొరకడానికి తొమ్మిది రాత్రులు పట్టింది. దొరికిందనుకున్నది కూడా తప్పే, అది వేరే మ్యాపు. పదో రాత్రి ఉస్తాదే చూపించిండు.

ఇంకో తిప్పలు భాష. ఆ పాత కారులో ఉండేది బాష్ కంపెనీ ఎంఈ7 అనే ఈసీయూ. దాంట్ల మ్యాపుల పేర్లన్నీ జర్మన్ పొట్టి పేర్లు. కేఎఫ్‌జెడ్‌డబ్ల్యూ అని ఒకటుంటది. కెన్‌ఫెల్డ్ త్సూండ్‌వింకెల్, అంటే స్పార్క్ కోణం పట్టిక. ఇంట్ల కోయ, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, ఐటీఐల ఇంగ్లీషు, గ్యారేజీల ఉర్దూ, ఇప్పుడు ల్యాప్‌టాప్‌ల జర్మన్. నవ్వొచ్చింది గానీ ఒక సంగతి మంచిగనిపించింది. ఇక్కడ ఇంగ్లీషు మీడియం పిల్లగానికీ నాకూ తేడా లేదు, ఇద్దరికీ అర్థం కాదు. నోట్‌బుక్కులో ఒక్కో పేరు తెలుగులో రాసుకున్న. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికన్నా కావాలంటే ఫొటోలు పెడత.

స్పార్క్ టైమింగ్ గురించి కొంచెం చెప్పాలె, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. పిస్టన్ పైకి వస్తుంటే, ఇంకా చివరికి చేరకముందే స్పార్క్ ఇస్తరు. ఎందుకంటే పెట్రోలు మంట ఒక్కసారే అంటుకోదు, పాకడానికి టైము పడుతుంది. పిస్టన్ పైదాకా వచ్చి కిందికి తిరిగినంక మంట ఒత్తిడి దాని నెత్తిన పడాలె. ఇంజిన్ 6000 ఆర్పీఎం మీద తిరుగుతుంటే క్రాంకు సెకనుకు 100 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీ అంటే సెకనులో 36 వేల వంతు. ఆ ఒక్క డిగ్రీ మీదనే కొట్లాటంతా.

మన ఊర్లల్ల ఇద్దరాడోళ్ళు ఒకే రోట్ల వడ్లు దంచుతుంటే చూసే ఉంటరు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది దిగుతది. ఒకరు కొంచెం ముందు దించిండ్రనుకో, రోకళ్ళు రెండూ ఢీకొని చేతులు జివ్వుమంటయి. స్పార్క్ మరీ ముందిస్తే ఇంజిన్‌లో అయ్యేది అట్లాంటిదే. పిస్టన్ ఇంకా పైకొస్తుంటేనే ఒత్తిడి పెరిగిపోతది, మూలల్ల మిగిలిన పెట్రోలు ఆవిరి మంట చేరకముందే తనంతట తనే పేలుతది. దాన్ని నాక్ అంటరు. చిన్న నాక్ అయితే టిక్ టిక్‌మని గోలీలు కొట్టుకున్నట్టు వినిపిస్తది. పెద్దదైతే పిస్టన్ రింగులు విరుగుతయి, పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. టర్బో బండ్లల్ల గాలి ఎక్కువ నొక్కుతం కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

కంపెనీవాళ్ళు దీనికి కాపలా పెట్టిండ్రు. ఇంజిన్ బ్లాకుకు నాక్ సెన్సర్ బిగించి ఉంటది. నాక్ వినబడంగనే ఈసీయూ ఆ సిలిండర్ వరకే స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి జరుపుతది. ఎంత జరిపిందో కేబుల్ పెట్టి చూడొచ్చు. ఎంఈ7 బండ్లల్ల 20వ నంబరు గ్రూపు తెరిస్తే నాలుగు సిలిండర్లకు నాలుగు అంకెలు కనబడతయి. 0.8, 1.5, 2.3, 3.0, ఇట్ల మెట్లు మెట్లుగా. ఎందుకంటే దాని మెట్టు 0.75 డిగ్రీలు. మా ఉస్తాద్ లెక్క ఏందంటే, 3 లోపుంటే నడిపియ్యొచ్చు, 4 దాటితే ఆలోచించాలె, 6 దాటితే యాక్సిలేటర్ మీద నుంచి కాలు తియ్యాలె.

మొదటిసారి ఫ్లాష్ చేసిన రోజు మాత్రం మర్చిపోను. పాత ఫైల్ చెరిపి కొత్తది రాసేటప్పుడు మధ్యల కరెంటు ఆగితే ఈసీయూ చచ్చినట్టే, బల్ల మీద పెట్టి మళ్ళీ బతికించుకోవాలె. అందుకే బ్యాటరీకి చార్జర్ తగిలిస్తరు, ఏసీ, లైట్లు అన్నీ బంద్ చేస్తరు. స్క్రీన్ మీద 40 శాతం దగ్గర నాకు చీకటిగనిపించి అలవాటుగా డోర్ తీసిన, లోపల లైటు వెలిగింది. ఉస్తాద్ నా చెయ్యి మీద స్పానర్‌తోనే కొట్టిండు. లైటుకు ఏం కాదని నాకిప్పుడు తెలుసు. ఆయనకు అప్పుడే తెలుసు. అయినా కొట్టిండు.

ఇగ అసలు ముచ్చట.

పోయినేడు ఫిబ్రవరిల ఒకాయన పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ తెచ్చిండు. కొత్త ఆర్‌ఎస్ కాదు, 2000ల నాటి మొదటి తరంది. 1781 సీసీ, సిలిండర్‌కు ఐదు వాల్వుల చొప్పున 20 వాల్వులు, చిన్న టర్బో, 150 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్. మన దేశంల పర్ఫార్మెన్స్ కారు అంటే చానామంది పాతోళ్ళకు ఇదే గుర్తొస్తది. ఆయన ఎవరి దగ్గరనో మూడో చేతి బండి కొని, రంగేయించి, సీట్లు కుట్టించి, ఇప్పుడు స్టేజ్ 1 చేయించుకుందామని వచ్చిండు. మంచి మనిషి. నన్ను "తమ్మీ" అని పిలిచేటోడు. నాది ఏటూరునాగారం సైడు అని తెలిసినంక, "మీ అడవోళ్ళకు చెవులు షార్ప్ ఉంటయట కదా, ఇంజిన్ సప్పుడు వింటే చాలు నీకు తెలుస్తదేమో" అన్నడు. నాకు కోపం రావాలె నిజానికి. రాలే. లోపల్లోపల సంబరమే అయింది. దాని సంగతి తర్వాత చెప్త.

ఉస్తాద్ ఈ బండిని నాకిచ్చిండు, తను పక్కన నిలబడి. ఇట్లాంటి పాత బండికి ట్యూనింగ్ కంటే ముందు రిపేరు పనే ఎక్కువ. వాక్యూమ్ పైపులు ఎండిపోయి పగుల్తయి, డైవర్టర్ వాల్వు లోపలి పొర చినుగుతది, ఇగ్నిషన్ కాయిళ్ళు ఒకటి తర్వాత ఒకటి పోతయి. రెండు పైపులు మార్చినం. తర్వాత పాత ఫైల్‌తోనే మధ్యాహ్నం పూట ఔటర్ రింగు రోడ్డు మీద లాగ్ తీసినం. మూడో గేరులో 2500 నుంచి 5500 దాకా ఫుల్ థ్రాటిల్. అంతకంటే పైకి పోతే స్పీడ్ లిమిట్ దాటుతది. నిజానికి ఈ పని డైనో మీద చెయ్యాలె, రోడ్డు మీద కాదు. మా దగ్గర డైనో లేదు. లాగ్ తీసేటప్పుడు బండి నడిపేటోడు వేరే, ల్యాప్‌టాప్ చూసేటోడు వేరే ఉండాలె. ఇది ఎవరన్నా నేర్చుకునేటోళ్ళుంటే గట్టిగ గుర్తుపెట్టుకోండి.

గాలి కొలిచే సెన్సర్ సెకనుకు 116 గ్రాములు చూపించింది. సెకనుకు 0.8 గ్రాములకు ఒక హార్స్‌పవర్ అని మోటు లెక్క ఒకటుంది. అంటే 145 అన్నట్టు. ఇరవై ఏండ్ల బండికి బాగనే ఉంది.

నేను ఫస్ట్ ఫైల్ చేసిన. ఎల్‌డీఆర్‌ఎక్స్‌ఎన్ అనే పట్టికలో ఇంజిన్‌కు ఎంత గాలి నింపనియ్యాలె అనే హద్దు ఉంటది, దాన్ని పెంచిన. పెడల్ తొక్కితే ఎంత గాలి అడగాలె అనే పట్టిక దానికి తగ్గట్టు సరిచేసిన. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు కొంచెం చిక్కగా పెట్టిన. స్పార్క్ ముట్టుకోలే. మళ్ళీ మధ్యాహ్నం లాగ్. గాలి 138 గ్రాములు, 172 హార్స్‌పవర్ అన్నట్టు. నాక్ లెక్కలు 1, 2, 4 సిలిండర్లకు 0.8, 1.5 మధ్య ఉన్నయి. మూడో దానికి 3.0.

ఉస్తాద్ ఆ మూడో అంకె మీద వేలు పెట్టిండు. "ఇది ఒక్కటే ఎందుకు ఎక్కువుంది? ప్లగ్గులు తీసి చూడాలె. నేను ఊరికి పోయొస్త, నాలుగు రోజులు. వచ్చినంక తీద్దాం. అప్పటిదాకా బండి ముట్టకు" అన్నడు. వాళ్ళ చెల్లె పెండ్లి.

తెల్లారి కస్టమర్ వచ్చి ఒక రౌండు నడిపిండు. "తమ్మీ, బానే ఉంది గానీ మజా లేదు. మా దోస్తు బండి దీనికన్నా గుంజుతది. శనివారం మేమంతా శ్రీశైలం పోతున్నం. ఏదన్నా చెయ్యి" అన్నడు. నేను ఉస్తాద్ వచ్చేదాక ఆగమనాలె. ఫోన్ చేసి అడగాలె. రెండూ చెయ్యలే. "చూస్త సార్" అన్న. చూస్త అన్నప్పుడే నా మనసుల నిర్ణయం అయిపోయింది. ఒక్కన్నే ఒక బండి చేసిన అని చెప్పుకోవాలని ఉండె.

శుక్రవారం రాత్రి కేఎఫ్‌జెడ్‌డబ్ల్యూ తెరిచి, 3500 నుంచి 5500 మధ్య, ఎక్కువ లోడు ఉండే గళ్ళల్ల అన్నిట్ల 3 డిగ్రీలు కలిపిన. అంతే, ఐదు నిమిషాల పని. శనివారం పొద్దుగాల ఐదింటికి మా గ్యారేజీ పిల్లగాన్ని లేపి పక్కన కూచోబెట్టుకుని, అదే రోడ్డుకు పోయిన. పిల్లగానికి ల్యాప్‌టాప్ ఇచ్చి "ఈ బటన్ నొక్కు, ఏం చూడకు" అన్న.

మూడో గేరు, 2500, ఫుల్. బండి ఎగిరింది. నేను అబద్ధం చెప్తలే, వీపు సీటుకు అంటుకుపోయింది. ఇంజిన్ సప్పుడు చెవులు రిక్కించి విన్న. గోలీల సప్పుడు లేదు, టిక్ లేదు, ఏమీ లేదు. అడవోళ్ళ చెవులు కదా. పిల్లగాడు "అన్నా, ఏముందన్నా!" అని అరుస్తుండు. రోడ్డు పక్కన బండి ఆపంగనే, లాగ్ తెరవకముందే, కస్టమర్‌కు ఫోన్ చేసిన. ఆరు కూడా కాలే. "సార్, సూపర్ అయింది, పదింటికి వచ్చి తీస్కపోండి" అని చెప్పిన.

తర్వాత లాగ్ తెరిచిన.

ఒకటో సిలిండర్ 4.5. రెండు 5.3. నాలుగు 4.5. మూడోది 9.0.

కొద్దిసేపు ఆ తొమ్మిది దిక్కే చూసిన. లెక్క చిన్నదే. నేను 3 డిగ్రీలు ముందుకు జరిపిన, ఈసీయూ 9 వెనక్కి గుంజింది. అంటే మూడో సిలిండర్ కంపెనీ అంకెకన్నా 6 డిగ్రీలు వెనక కాలుతుంది. నిన్నటి ఫైల్‌తో 3 మాత్రమే వెనక ఉండె. మిగతావి కూడా నిన్నటికన్నా వెనకనే ఉన్నయి. నేను పెంచినందుకు తగ్గింది. మరి బండి ఎట్ల ఎగిరింది? గాలి అంకె చూసిన, 145 గ్రాములు. నిన్నటికన్నా ఏడు ఎక్కువ. స్పార్క్ మారిస్తే గాలి పెరగదు కదా. ఇన్‌టేక్ టెంపరేచర్ చూస్తే 27 డిగ్రీలు. మధ్యాహ్నం లాగ్‌లో 44 ఉండె. చల్లగాలి చిక్కగుంటది, అంతే ఒత్తిడిల ఎక్కువ బరువు పడుతది. నాకు మజా ఇచ్చింది నా ఫైల్ కాదు, పొద్దుగాల ఐదింటి గాలి. ఇంకొంత నా ఆశ.

అసలు భయం తర్వాత పట్టుకుంది. చల్లపూటనే తొమ్మిది ఉంటే, ఎండల, ఏసీ వేసుకుని, నలుగురు కూచుని, శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఎంతుంటది? ఈసీయూ గుంజడానికి కూడా ఒక హద్దుంటది. ఆ హద్దు దాటితే కాపలా లేనట్టే. బండిల ఆయన భార్య, పిల్లలు కూడా ఉంటరు. ఇంజిన్ పోతే ఎంత ఖర్చో నాకు తెలుసు. నా జీతం ఎంతో కూడా తెలుసు.

గ్యారేజీకి వచ్చి చార్జర్ తగిలించి పాత ఫైల్ ఎక్కించిన. ఉస్తాద్ చూసిన ఫస్ట్ ఫైల్. ఇంతవరకు కరెక్టే చేసిన. ఇంకా కరెక్టు చెయ్యాలంటే బండి ఇయ్యకుండా ఆపాలె, ప్లగ్గులు తియ్యాలె, ఆయనకు ఫోన్ చేసి "సార్, నేను తొందరపడి చెప్పిన, కాలే" అనాలె. ఫోన్ చేతుల పట్టుకుని తిరిగిన. మాట రాలే. మనకు ఇది తెలిసిన సంగతే కదా, ఒకసారి "రాదు" అని చెప్తే, వీళ్ళకు రాదు అనే మాట మన వెనకాల ఎంత దూరం వస్తదో. ఐటీఐల మా సార్ ఒకాయన నాకు లేత్ ముట్టనియ్యలే, కోటాల వచ్చినోనివి అని. అది గుర్తుకొచ్చింది. అది సాకు కావొచ్చు కూడా. నాకిప్పటికీ తేల్చి చెప్పరాదు.

పదింటికి ఆయన వచ్చిండు. నేనేం చెప్పలే. తాళం ఇచ్చిన. ఒక రౌండు కొట్టొచ్చి దిగి, "అరే తమ్మీ! ఇది కదా! నిన్నటికీ ఇయ్యాలకూ ఎంత తేడా!" అన్నడు. నిన్న ఉన్న ఫైలే అది. ఒక్క అంకె మారలే. జేబుల 2000 పెట్టిండు. వద్దనలే. "ఎక్కువ గట్టిగ తొక్కకండి సార్, ఘాట్‌ల నిమ్మళంగ పోండి" అని మాత్రం అన్న. ఆయన నవ్వి పోయిండు.

శనివారం, ఆదివారం నాకు అన్నం సరిగ దిగలే. ఫోన్ మోగితే చాలు, బండి ఆగిపోయిందనే అనుకున్న. పాత ఫైల్‌తో మూడు డిగ్రీలే కదా, ఏం కాదు అని నాకు నేనే లెక్క చెప్పుకున్న. కానీ ఉస్తాద్ బండి ముట్టకు అన్నది ఎందుకు? ఆ మూడో సిలిండర్‌ల ఏముందో మాకెవరికీ తెల్వదు కాబట్టి.

సోమవారం ఉస్తాద్ వచ్చిండు. మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి ల్యాప్‌టాప్ తెరిచిండు. లాగ్ ఫైళ్ళ మీద తేదీ, టైము ఉంటయన్న సంగతి నాకు యాదికే లేదు. శనివారం 5:20. తెరిచిండు. చూసిండు. నా దిక్కు తిరిగి, "ఈ ఫైల్ ఇప్పుడు బండిల ఉందా?" అని ఒక్కటే అడిగిండు.

"లేదు ఉస్తాద్. పాతది పెట్టిన."

"ఆయనకు చెప్పినవా?"

ఏం మాట్లాడలే. జేబులకెల్లి ఆ 2000 తీసి బల్ల మీద పెట్టిన. తిడతడనుకున్న. తిట్టలే. "తప్పు ఫైల్ నేను కూడా రాసిన, ఒకసారి కాదు. నువ్వు ఫైల్ చూసి ఫోన్ చెయ్యాల్సింది, ఫోన్ చేసి ఫైల్ చూసినవు. పో, ఆయనకు ఫోన్ చెయ్, బండి తెమ్మను. నేను మాట్లాడ, నువ్వే మాట్లాడాలె" అన్నడు.

ఫోన్‌ల అంతా చెప్పిన. ఆయన చానాసేపు ఏం మాట్లాడలే. లైన్ కట్ అయిందేమో అనుకున్న. తర్వాత, "మరి నాకు ఫాస్ట్ అనిపించింది కదా తమ్మీ" అన్నడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాకూ అనిపించింది కదా.

బండి వచ్చినంక ప్లగ్గులు తీసినం. మూడు ఒకే నంబరు. మూడో సిలిండర్‌ది వేరే నంబరు, ఒక్క అంకె తేడా. ప్లగ్గులకు హీట్ రేంజ్ అని ఉంటది. వేడిని తొందరగా తలకాయకు పంపేది చల్ల ప్లగ్గు, తన దగ్గరే పట్టుకునేది వేడి ప్లగ్గు. ఆ కంపెనీ లెక్కలో అంకె తగ్గితే ప్లగ్గు వేడిది. ఎప్పుడో కాయిల్ పోయినప్పుడు ఎవరో షాపుల ఏది దొరికితే అది పెట్టి పంపినట్టున్నరు. చూసేటందుకు నాలుగూ ఒక్కతీరుగనే ఉంటయి. దీని కొన మాత్రం తెల్లగ, చిన్న చిన్న నల్ల చుక్కలతో ఉంది. ఆ చుక్కలు నాక్ అయినప్పుడు పడతయని ఉస్తాద్ చూపించిండు. కెమెరా దించి పిస్టన్ పైభాగం చూసినం, ఏం కాలే. అప్పుడు గాని నేను ఊపిరి తీసుకోలే.

నాలుగు కొత్త ప్లగ్గులు వేసి, నా ఫస్ట్ ఫైల్‌తోనే మధ్యాహ్నం లాగ్ తీసినం. మూడో సిలిండర్ 1.5. ఉస్తాద్ అప్పుడు అన్నడు, ఇగ స్పార్క్ ఎక్కడ పెంచుతవో పెంచు అని. ఒక్క డిగ్రీ కూడా గట్టిగ కలపలే నేను. 4500 పైన కొన్ని గళ్ళల్ల 0.75, అంటే ఒక్క మెట్టు. లాగ్. ఇంకో మెట్టు. లాగ్. మూడో మెట్టుకు నాలుగు సిలిండర్లూ 3 దాటినయి, వెనక్కి వచ్చిన. రెండు మెట్ల దగ్గర ఆగింది, ఒకటిన్నర డిగ్రీ. రాత్రి నేను ఐదు నిమిషాల్ల కలిపిన దాంట్ల సగం, రెండు రోజులు పట్టింది. 95 ఆక్టేన్ పెట్రోలు తప్ప మామూలు 91 పొయ్యొద్దని ఆయనకు కాయితం మీద రాసిచ్చినం. ఆ ఫైల్ దానికే చేసింది. ఆక్టేన్ తక్కువుంటే పెట్రోలు తొందరగా పేలుతది, మళ్ళీ అదే కథ.

ఆయన ఆ 2000 వెనక్కి తీసుకోలే. వాటితోనే ప్లగ్గులు వచ్చినయి, బిల్లుల రాయలే. బండి తీసుకుని, ఏం పెద్దగ మాట్లాడకుండ పోయిండు. మూడు నెలలు రాలే. తర్వాత సర్వీసుకు వచ్చిండు. నన్ను తమ్మీ అనే పిలిచిండు గానీ బండి తాళం మాత్రం ఉస్తాద్ చేతికిచ్చిండు. ఇప్పటికీ ఆయనకే ఇస్తడు.

ఇగ ఆ తమ్ముడు అడిగిన దానికి వస్త. ఐటీఐ సరిపోతదా అంటే, చేరడానికి సరిపోతది. కానీ ట్యూనింగ్ కోసమని ఎవరూ నిన్ను నేరుగా తీసుకోరు. ముందు రెండు మూడేళ్ళు చేతులు నల్లగ చేసుకోవాలె. నా ముచ్చటల చూసినవు కదా, సమస్య ఫైల్‌ల లేదు, 400 రూపాయల ప్లగ్గుల ఉంది. దాన్ని స్పానర్ పట్టినోడే కనుక్కుంటడు. సిటీల మొదటి జీతం తక్కువుంటది, నాకు 7 వేలు, ఒక పూట అన్నం ఇచ్చిండ్రు. ల్యాప్‌టాప్ పనికి వచ్చినంక బండికింత అని కమీషన్ ఉంటది. నెలకు నాలుగైదు బండ్లు వస్తే మంచి నెల. "ఇరవై రోజుల్లో ట్యూనర్" అని కోర్సులు అమ్మేటోళ్ళున్నరు. దాంట్ల పైసలు పెట్టే ముందు నాకు ఒక మెసేజ్ పెట్టు. చౌక క్లోన్ కేబుళ్ళు కొని మీ బాబాయి బండి మీద ప్రయోగాలు చెయ్యకండి, దయచేసి.

చట్టం సంగతి కూడా దాచొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీల ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన దానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. రీమ్యాప్ చేస్తే కంపెనీ వారంటీ పోతది, ఇన్సూరెన్సుల కూడా గొడవ రావొచ్చు. మేము కస్టమర్‌కు ఇది ముందే చెప్తం. సైలెన్సర్ల ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకెయ్యమంటే మా ఉస్తాద్ చెయ్యడు. చేసే గ్యారేజీలు ఉన్నయి. ఎక్కడ చేరాలె అనేది చూసుకోండి. రేపు ఎలక్ట్రిక్ బండ్లు వస్తే ఈ పని ఉంటదా అని కూడా అడుగుతరు. బండిల కంప్యూటర్ ఉన్నంతకాలం దాని లాగ్ చదివేటోడు కావాలె, అంతవరకే చెప్పగలను.

చివరగా, మా గ్యారేజీల ఇప్పుడు ఒక పిల్లగాడు కావాలె. పోయినేడు నా పక్కన కూచుని బటన్ నొక్కినోడు డిప్లొమాకు పోయిండు. ఐటీఐ మోటార్ మెకానిక్ గాని డీజిల్ మెకానిక్ గాని అయిపోయినోళ్ళు ఉంటే, ముఖ్యంగా ఏజెన్సీ నుంచి వచ్చి సిటీల ఎవరూ తెలియనోళ్ళు ఉంటే, ఇన్‌బాక్స్‌ల రాయండి. ఆడపిల్లలు కూడా రాయండి, ఉస్తాద్‌ను అడిగిన, పని వస్తే చాలు అన్నడు. ఉండడానికి నా రూముల ఒకరికి జాగ ఉంది. మిగతా వాళ్ళకు దగ్గర్ల హాస్టల్ చూపిస్త. వచ్చే సోమవారం లోపల చెప్తే మంచిది, తర్వాత వేరేవాళ్ళను చూసుకుంటడట.